గయానా అధ్యక్షుడికి విడిగా ఓటెయ్యరు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో దక్షిణ అమెరికా ఉత్తర తీరంలోని గయానా మీద వచ్చిన వ్యాసం చదివాం. సముద్రమట్టం కన్నా దిగువన వరి పండించే దేశం అనేసరికి ఇక్కడ కాలువ గట్ల మీద కూడా దాని గురించి మాటలు నడిచాయి. చమురు గురించీ, 1838 నుంచి 1917 దాకా ఓడలెక్కి వెళ్లిన కూలీల గురించీ రాసింది బాగానే ఉంది. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లినవాళ్లే అయినా, మద్రాసు నుంచి పోయిన కొద్ది ఓడల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ప్రభుత్వం గురించి రాసిన నాలుగు వాక్యాల్లో మాత్రం మూడు తప్పులు దొర్లాయి. అది అమెరికా తరహా అధ్యక్ష పాలన అన్నారు, కాదు. రెండు సభల పార్లమెంటు అన్నారు, సభ ఒక్కటే. పది రాష్ట్రాలన్నారు, అవి రాష్ట్రాలు కావు. ఒక్కో తప్పుకీ ఒక్కో ముక్కలో సవరణ వేస్తే సరిపోదు. ఆ దేశంలో అధికారం ఎక్కడ ముడిపడి ఉందో తెలిస్తే తప్ప ఇవి ఎందుకు తప్పులో అర్థం కాదు. ఆ ముడి పార్టీ ఇచ్చే అభ్యర్థుల జాబితా దగ్గరుంది.

ముందు కొలతలు చూద్దాం. గయానా విస్తీర్ణం 2.15 లక్షల చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రప్రదేశ్ 1.63 లక్షలు. జనం మాత్రం 2022 లెక్కల్లో 8.78 లక్షలు. అంటే మన కోనసీమ జిల్లా జనాభాలో ఇంచుమించు సగం. అందులోనూ పదింట తొమ్మిది వంతులు సముద్రపు ఒడ్డున ఉన్న సన్నటి పట్టీ మీదే కాపురం. లోపలంతా అడవీ, గడ్డి నేలలూ. ఇంత నేలకీ ఇంత జనానికీ కలిపి ఒకే సభ, దాని పేరు నేషనల్ అసెంబ్లీ, ఎన్నికయ్యే సభ్యులు 65 మంది, గడువు ఐదేళ్లు.

1966 మే 26న స్వాతంత్ర్యం వచ్చింది, 1970 ఫిబ్రవరి 23న గణతంత్రమైంది. పూర్తి పేరు గయానా సహకార గణతంత్రం. మన వైపు సహకారం అంటే సొసైటీ గోదాము ముందు యూరియా కోసం నిలబడ్డ వరస గుర్తొస్తుంది. అక్కడ ఆ మాట అప్పటి ప్రధాని ఫోర్బ్స్ బర్న్‌హామ్ రాజకీయ సిద్ధాంతం నుంచి వచ్చింది, పాలనా నిర్మాణంతో దానికి పనేమీ లేదు. మొదటి పదేళ్లు అధ్యక్షుడు మన రాష్ట్రపతి లాంటివాడే, ఆర్థర్ చుంగ్ ఆ పదవిలో ఉన్నారు, అధికారమంతా ప్రధానిది. 1980 రాజ్యాంగం దీన్ని తిరగేసింది. దేశాధినేత, ప్రభుత్వాధినేత ఇద్దరూ ఒకరే అయ్యారు. బర్న్‌హామ్ ఆ కుర్చీలో కూర్చున్నారు.

ఇక్కడే మీ వ్యాసకర్త పొరబడ్డారు. అధికారాలున్న అధ్యక్షుడు కనిపించగానే అమెరికా అనుకున్నారు. అమెరికాలో అధ్యక్షుడి ఎన్నిక వేరు, చట్టసభ ఎన్నిక వేరు. గయానాలో ఓటరు జాతీయ స్థాయిలో వేసేది ఒకే ఓటు. అది ఒక జాబితాకి. జాబితా ఇచ్చే ప్రతి పార్టీ, కూటమి అందులో ఒకరిని అధ్యక్ష అభ్యర్థిగా చూపించాలి. దేశం మొత్తం మీద ఏ జాబితాకి అందరికన్నా ఎక్కువ ఓట్లు పడితే ఆ జాబితా చూపించిన మనిషి అధ్యక్షుడవుతాడు. అదే ఓటు సభలో సీట్లనూ తేలుస్తుంది. అధ్యక్షుడికి ఒక పార్టీ, సభకి ఇంకో పార్టీ అని ఓటు చీల్చే వీలే లేదు.

ఎక్కువ ఓట్లంటే సగం దాటనక్కర్లేదు. బ్రెజిల్, పెరూ, ఉరుగ్వేల్లో మెజారిటీ తేలకపోతే రెండో విడత పెడతారు. గయానాలో ఆ ఏర్పాటు లేదు. దాని పర్యవసానం 2011లో చూశారు. పీపుల్స్ ప్రోగ్రెసివ్ పార్టీ జాబితాకి 48.6 శాతం వచ్చింది, డొనాల్డ్ రామోతార్ అధ్యక్షుడయ్యారు. సభలో మాత్రం ఆ పార్టీకి 32, ఎదురుగా ఏపీఎన్‌యూ అనే ప్రతిపక్ష కూటమికి 26, ఏఎఫ్‌సీ అనే ఇంకో పార్టీకి 7. ఎదుటివాళ్లు కలిస్తే 33. ఒక్క ఓటు తేడా మీద స్పీకర్ పదవి ప్రతిపక్షానికి పోయింది. 2012 బడ్జెట్‌కి కోతలు పడ్డాయి, ఆ కోతలు చెల్లుతాయా అన్నది కోర్టుకెక్కింది. సభ ఆమోదించిన బిల్లులు కొన్ని అధ్యక్షుడి సంతకం దగ్గర ఆగిపోయాయి. చివరికి అవిశ్వాస తీర్మానం తరుముకొస్తుంటే 2014 నవంబరు 10న అధ్యక్షుడు సభను ప్రోరోగ్ చేశారు, అంటే సమావేశాలు నిలిపేశారు. 2015 మే 11న మళ్లీ ఎన్నికలు. ఈసారి ఏపీఎన్‌యూ, ఏఎఫ్‌సీ ఒకే జాబితా కింద వచ్చి 33 తెచ్చుకున్నాయి, ఎదుటి పార్టీకి 32. విడివిడిగా ఉన్నప్పుడు సభలో మెజారిటీ ఉండీ అధ్యక్ష పదవి దక్కలేదు. ఒకే జాబితాలోకి వచ్చేసరికి రెండూ దక్కాయి.

సీట్ల లెక్క ఎలా వేస్తారో మీ వ్యాసంలో లేదు. అది తెలియకపోతే మిగతాదంతా గాల్లో మాటలే. 2020 ఎన్నికల అంకెలతో వేసి చూపిస్తాం, పెన్సిలు ఉన్నవాళ్లు పక్కన వేసుకుని సరిచూసుకోవచ్చు. చెల్లిన ఓట్లు 4,60,352. వాటిని 65తో భాగిస్తే 7,082 చిల్లర వస్తుంది. ఒక సీటు ఖరీదు అది. పీపుల్స్ ప్రోగ్రెసివ్ పార్టీకి పడ్డవి 2,33,336. అందులో 32 నిండు సీట్లు పోగా శేషం 6,701. ఏపీఎన్‌యూ, ఏఎఫ్‌సీ కూటమికి 2,17,920. అందులో 30 నిండు సీట్లు, శేషం 5,450. ఇంకెవరికీ ఒక్క నిండు సీటు కూడా రాలేదు. 62 తేలాయి, 3 మిగిలాయి. మిగిలినవాటిని శేషాల్లో పెద్దదానితో మొదలెట్టి వరసగా ఇస్తారు. మొదటిది 6,701కి, దాంతో ఆ పార్టీకి 33. రెండోది 5,450కి, ఆ కూటమికి 31. మూడోది ముగ్గురు చిన్నవాళ్లు కలిపి పెట్టిన 5,214కి.

ఆ ముగ్గురి సంగతి కాస్త ఆగి చూడదగ్గది. వాళ్లకి విడిగా వచ్చినవి 2,657, 2,313, 244. ఎన్నికలకు ముందే జాబితాలు జోడిస్తున్నామని రాసిచ్చారు. జోడించిన ఓట్లు సీట్ల లెక్కకే కలుస్తాయి, అధ్యక్ష పదవి లెక్కకి కలవవు. నిజానికి కలపకపోయినా ఆ చివరి సీటు 2,657 వచ్చిన పార్టీకే పోయేది, ఎందుకంటే తర్వాతి శేషం 2,313 మాత్రమే. కలిపినందువల్ల ఒక కుర్చీని ముగ్గురు వంతులేసుకునే పరిస్థితి వచ్చింది. మన వైపు ఉమ్మడి కొబ్బరి తోటలో దింపు వంతులు చూసినవాళ్లకి అది ఎంత సాఫీగా నడుస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ 65లో 25 సీట్లు పది రీజియన్లకి (మీ వ్యాసం రాష్ట్రాలన్నవి ఇవే) పంచి ఉంటాయి. రాజధాని జార్జిటౌన్ ఉన్న నాలుగో రీజియన్‌కి 7, మూడుకీ ఆరుకీ చెరి మూడు, ఎనిమిదికీ తొమ్మిదికీ ఒక్కొక్కటి, మిగతా ఐదింటికీ రెండేసి. మిగిలిన 40 సర్దుబాటు సీట్లు. దేశం మొత్తం లెక్కలో ఒక పార్టీకి 33 రావాలి, రీజియన్లలో అప్పటికే కొన్ని వచ్చాయి, తక్కువైనన్ని ఈ 40లోంచి నింపుతారు. రీజియన్ల సీట్లు 2001 నుంచి వచ్చినవి. అంతకు ముందు 53 మంది నేరుగా, 12 మంది స్థానిక సంస్థల తరఫున వచ్చేవారు. పోటీ చెయ్యాలంటే కనీసం ఆరు రీజియన్లలో, ఆ 25లో కనీసం 13 సీట్లకి అభ్యర్థులను చూపించాలి. అంటే ఒక్క ఊళ్లో బలమున్న స్వతంత్రుడికి జాతీయ సభలోకి దారి లేదు.

ఇంతవరకూ అంతా తూకం వేసినట్టు ఉంటుంది. ఓటు ఎంతో సీటు అంతే. మన దగ్గర 50 శాతం ఓట్లతో నూట యాభై సీట్లు ఊడ్చుకుపోవడం, 40 శాతంతో ఇరవై చిల్లరకి పడిపోవడం చూసినవాళ్లకి ఇది ముచ్చటేస్తుంది. తిరకాసు ఆ తర్వాత ఉంది. పార్టీకి 33 సీట్లు వచ్చాయి సరే, ఆ 33 మంది ఎవరు? జాబితాలో పై నుంచి మొదటి 33 మంది కాదు. ప్రతి జాబితాకీ ఒక ప్రతినిధి ఉంటాడు. ఫలితం వచ్చాక ఆయన జాబితాలోంచి తనకి కావలసిన పేర్లు ఏరి ఇస్తాడు. ఓటేసేటప్పుడు ఓటరుకి ఎవరు సభకి వెళ్తారో తెలియదు. జాబితాలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలని చట్టం ఉంది. ఏరేటప్పుడు కూడా మూడో వంతు ఉండాలని చట్టం అనలేదు. ఆ సందు సంగతి అక్కడి మహిళా సంఘాలు చాలా కాలంగా అడుగుతూనే ఉన్నాయి.

సభ్యుడు చనిపోయినా రాజీనామా చేసినా ఉప ఎన్నిక ఉండదు. అదే జాబితాలోంచి ఇంకో పేరు వస్తుంది. పార్టీకి విశ్వాసం పోయిందంటే సభ్యుడిని వెనక్కి పిలిపించుకోవచ్చు కూడా. మన పదో షెడ్యూలులో, అంటే ఫిరాయింపుల చట్టంలో, కనీసం స్పీకర్ దగ్గర ఫిర్యాదు, విచారణ అనే తతంగం ఉంటుంది, మళ్లీ ఓటర్ల దగ్గరికి వెళ్లే దారీ ఉంటుంది. అక్కడ అవి రెండూ లేవు. తూకం కచ్చితంగా ఉండటానికి ఇచ్చిన మూల్యం ఇదని మా అభిప్రాయం. కొంచెం ఎక్కువే ఇచ్చారు.

మంత్రివర్గం ఆకారం మనకి అర్థమయ్యేదే. అధ్యక్షుడు సభలో కూర్చోడు, కానీ పార్లమెంటు అంటే అధ్యక్షుడూ సభా కలిపి. ప్రధానమంత్రి సభకి ఎన్నికైనవాడై ఉండాలి, ఆయనే మొదటి ఉపాధ్యక్షుడు. ఇంకా ఉపాధ్యక్షులను అధ్యక్షుడు నియమించుకోవచ్చు. మంత్రులు చాలామంది సభ్యులే. బయటి నుంచి నలుగురు నిపుణ మంత్రులను, ఇద్దరు పార్లమెంటరీ కార్యదర్శులను తెచ్చుకోవచ్చు, వాళ్లు సభలో కూర్చుంటారు, మాట్లాడతారు, ఓటు మాత్రం ఉండదు. అధ్యక్ష పదవి రెండు పర్యాయాలే. ఆ పరిమితి చెల్లదని ఒక కేసు పడితే 2018లో గయానాకి ఆఖరి కోర్టయిన కరీబియన్ న్యాయస్థానం చెల్లుతుందని తేల్చింది. అందుకే 1999 నుంచి 2011 దాకా అధ్యక్షుడిగా చేసిన భరత్ జగ్‌దేవ్ 2020 నుంచి ఉపాధ్యక్షుడిగా ఉన్నారు. అధ్యక్షుడు ఇర్ఫాన్ అలీ 2025 సెప్టెంబరు 1 ఎన్నికల్లో రెండోసారి గెలిచారు. ఆ పార్టీకి ఈసారి 36.

సభ బిల్లు పంపితే అధ్యక్షుడు 21 రోజుల్లో సంతకం పెట్టాలి, లేదా కారణం చెప్పి తిప్పి పంపాలి. ఆరు నెలల్లోపు సభ మూడింట రెండొంతుల మెజారిటీతో మళ్లీ పంపితే సంతకం తప్పదు. 33, 32 సభలో ఆ మెజారిటీ ఎక్కడ్నుంచి వస్తుంది!

అమెరికా కాదు అనడానికి అన్నిటికన్నా గట్టి రుజువు రాజ్యాంగం 106వ అధికరణం. ఎన్నికైన సభ్యులందరిలో మెజారిటీ విశ్వాసం లేదని ఓటేస్తే అధ్యక్షుడితో సహా మంత్రివర్గం దిగిపోవాలి, మూడు నెలల్లో ఎన్నికలు పెట్టాలి. ఎన్నిక అయ్యేదాకా కుర్చీలో ఉంటారు. 2018 డిసెంబరు 21న అదే జరిగింది. పాలక పక్షం బలం 33, ప్రతిపక్షం 32. పాలక పక్షం సభ్యుడు చరణ్‌దాస్ పర్సాద్ తన ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. తీర్మానం 33, 32తో నెగ్గింది. స్పీకర్ ప్రకటించారు, ప్రధాని ఓటమి ఒప్పుకున్నారు.

కొద్ది రోజులకి ఇంకో వాదన పుట్టింది. 65లో సగం ముప్పై రెండున్నర. అర మనిషి ఉండడు కాబట్టి సగం 33 అనుకోవాలి. మెజారిటీ అంటే సగం కన్నా ఒకటి ఎక్కువ, అంటే 34. కాబట్టి తీర్మానం వీగిపోయింది! నవ్వుకునే విషయం కాదు, అప్పీలు కోర్టులో ఇద్దరు జడ్జీలు దీన్ని ఒప్పుకున్నారు, ఒకరు కాదన్నారు. 2019 జూన్ 18న కరీబియన్ న్యాయస్థానం తేల్చింది. ఒక పక్క ఉన్నవాళ్లు రెండో పక్క కన్నా ఎక్కువైతే అది మెజారిటీయే, 65లో అది 33. పర్సాద్‌కి కెనడా పౌరసత్వం కూడా ఉందనీ, జాబితాకి ఎదురు తిరిగే ముందు చెప్పలేదనీ తెచ్చిన అభ్యంతరాలు కూడా ఆ ఓటును కొట్టెయ్యలేకపోయాయి. తీర్పు వచ్చేనాటికే మూడు నెలల గడువు దాటిపోయింది. ఎన్నికలు 2020 మార్చి 2న జరిగాయి. రాజ్యాంగంలో గడువు రాసి ఉంది గానీ, గడువు దాటితే ఏమవుతుందో రాసి లేదు.

కరీబియన్ న్యాయస్థానం అంటే ఏమిటని మీ పాఠకులు అడగొచ్చు. పక్కనున్న ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఉంటుంది, 2005 నుంచి గయానాకి అదే ఆఖరి మెట్టు. దేశంలోపల మేజిస్ట్రేటు కోర్టులు, హైకోర్టు, అప్పీలు కోర్టు. అప్పీలు కోర్టు పెద్దని చాన్సలర్ అంటారు. చాన్సలర్‌ని, ప్రధాన న్యాయమూర్తిని పూర్తిస్థాయిలో నియమించాలంటే అధ్యక్షుడూ ప్రతిపక్ష నేతా ఒక మాట మీదికి రావాలి. 2005 తర్వాత ఇరవై ఏళ్లు ఆ ఒక్క మాట కుదరలేదు. అన్నాళ్లూ ఇన్‌ఛార్జీలతోనే నడిచింది. ఏకాభిప్రాయం తప్పనిసరి అని రాసేవాళ్లు, అది కుదరకపోతే ఏం చెయ్యాలో కూడా ఆ పక్కనే రాయాలి. లేకపోతే తాత్కాలికమే శాశ్వతమవుతుంది.

ఎన్నికల సంఘంలో కూడా ఇదే మెలిక. మొత్తం ఏడుగురు. ముగ్గురు అధ్యక్షుడి మనుషులు, ముగ్గురు ప్రతిపక్ష నేత మనుషులు. ఏడో ఆయన ఛైర్మన్. ప్రతిపక్ష నేత ఆరు పేర్ల జాబితా ఇస్తే అందులోంచి అధ్యక్షుడు ఒకరిని ఎంచాలి. 1992 ఎన్నికల ముందు అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ మధ్యవర్తిత్వంలో వచ్చిన ఏర్పాటు కాబట్టి దీన్ని కార్టర్ సూత్రం అంటారు. 2017లో అప్పటి అధ్యక్షుడు డేవిడ్ గ్రాంజర్ మూడు జాబితాలు తిప్పికొట్టి తనంతట తానే ఒకరిని నియమించారు. అది రాజ్యాంగ విరుద్ధమని అదే కరీబియన్ న్యాయస్థానం, అదే 2019 జూన్ 18న చెప్పింది. ముగ్గురికి ముగ్గురు సరిపోయే సంఘంలో ప్రతి కీలక నిర్ణయమూ ఛైర్మన్ ఒక్కరి భుజాల మీద పడుతుంది. 2020లో అదెంత బరువో తెలిసింది. ఓట్లు పోలింగు కేంద్రంలోనే లెక్కపెడతారు, ఆ లెక్క కాగితం అక్కడే గోడకి అంటిస్తారు, ఏజెంట్లకి ప్రతులు ఇస్తారు. తర్వాత వాటిని జిల్లా రిటర్నింగ్ అధికారి కూడాలి. నాలుగో రీజియన్‌లో ఆ కూడిక దగ్గరే గొడవ. ఏజెంట్ల చేతుల్లో ఉన్న కాగితాలకీ, చదివిన అంకెలకీ పొంతన లేదన్నారు. చివరికి దేశమంతా ఒక్కో పెట్టే విప్పి మళ్లీ లెక్కపెట్టారు. ఫలితం ఆగస్టు 2న వచ్చింది, ఓటేసిన ఐదు నెలలకి. పైన మేం వేసిన లెక్క ఆ రీకౌంట్ అంకెలదే.

ఇక పది రీజియన్లు. ఒక్కోదానికి 12 నుంచి 35 మంది దాకా ఉండే ఎన్నికైన మండలి ఉంటుంది, జాతీయ ఎన్నికల రోజునే దానికి ఇంకో ఓటు వేస్తారు, అదీ జాబితాకే. సభ్యులు తమలో ఒకరిని ఛైర్మన్‌గా ఎన్నుకుంటారు. బడి, ఆసుపత్రి, రోడ్డు, కొంత మురుగు పారుదల దాని కిందికి వస్తాయి. చట్టాలు చేసే అధికారం లేదు, అందుకే అవి రాష్ట్రాలు కావన్నాం. డబ్బు సంతకం రీజినల్ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌ది. ఆయన్ని కేంద్రం వేస్తుంది. మన జిల్లా పరిషత్ ఛైర్మన్‌కీ సీఈవోకీ మధ్య నడిచే కథ తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. తేడా ఏమిటంటే అక్కడ మండలి ప్రతిపక్షానిదైతే ఆ అధికారే కేంద్రం చెయ్యి.

రీజియన్ల కింద 10 పట్టణ మండళ్లు, 70 నైబర్‌హుడ్ డెమోక్రటిక్ కౌన్సిళ్లు. రెండోవి మన పంచాయతీలనుకోవచ్చు, నాలుగైదు ఊళ్లకి ఒకటి. కౌన్సిల్ ముఖ్య ఉద్యోగిని ఇప్పటికీ ఓవర్సీర్ అనే పిలుస్తారు. మన ఇరిగేషన్ బంగళాల్లో వినిపించే మాటే, తెచ్చినవాళ్లూ ఒకరే. ఆదాయం ఇంటిపన్ను, భూమి పన్ను. మదింపులు పాతవి, వసూళ్లు తక్కువ, మిగతాది కేంద్రం ఇచ్చే గ్రాంటు. లోపలి అడవుల్లో ఆదివాసీ గ్రామాలకి వేరే చట్టం, 2006ది. ఊరి మండలి పెద్దని తోషావో అంటారు.

ఈ కౌన్సిళ్ల ఎన్నికలో సగం సీట్లు జాబితా పద్ధతి, సగం వార్డు పద్ధతి. వార్డులో మన లాగే ఎక్కువ ఓట్లు వచ్చినవాడు గెలుస్తాడు, స్వతంత్రుడూ నిలబడొచ్చు. ఆదివాసీ గ్రామాలు పక్కనపెడితే, ఆ దేశంలో ఓటరు పేరు పెట్టి ఒక మనిషికి ఓటేసే చోటు ఇదొక్కటే. 1994లో స్థానిక ఎన్నికలు జరిగాక మళ్లీ జరిగింది 2016 మార్చి 18న. ఇరవై రెండేళ్లు! మధ్యలో ఖాళీ అయిన చోట్ల మంత్రి వేసిన తాత్కాలిక కమిటీలు. మన పంచాయతీల్లో 2018 నుంచి 2021 దాకా ప్రత్యేకాధికారుల పాలన వస్తే పడ్డ ఇబ్బంది మనకి తెలుసు. దాన్ని ఏడింతలు చేసి చూడండి. తర్వాత 2018లో, 2023లో జరిగాయి.

దీనికీ వరి పొలానికీ సంబంధం ఉంది. మీ వ్యాసంలో అసలు ఆసక్తికరమైన భాగం అదే. తీరంలో నేల పోటు మట్టానికి దిగువన ఉంటుంది. ముందు సముద్రపు గోడ, వెనక కన్సర్వెన్సీ అనే పెద్ద మంచినీటి మడుగు, దానికో మట్టి గట్టు. ఆ రెంటి మధ్యా ఇరుకుగా పొడుగ్గా కమతాలు. నీరు వెనక నుంచి వాలుకి పొలంలోకి వస్తుంది, మురుగు ముందుకి నడిచి సముద్రం తలుపు దగ్గర ఆగుతుంది. పోటు వేళ తలుపు దించాలి, లేకపోతే ఉప్పునీరు పొలంలోకి ఎక్కుతుంది. పాటు వేళ ఎత్తాలి. పన్నెండు గంటల పైచిలుకుకి ఒకసారి, కొద్ది గంటలే ఆ అవకాశం. అర్ధరాత్రి పాటు వచ్చినా మనిషి అక్కడ ఉండాలి. మన లస్కర్లు చేసే పనే, వేళలు మాత్రం చంద్రుడు పెడతాడు.

తలుపు ఎత్తినా నీరు కదలని రోజులుంటాయి. అమెజాన్ నది వదిలిన బురద ఆ తీరం వెంట దిబ్బలు దిబ్బలుగా పడమరకి జరుగుతూ ఉంటుంది. ఒక దిబ్బ వచ్చి తూము నోటికి అడ్డం పడితే బయటి పాయ పూడిపోతుంది. అప్పుడు యంత్రం పెట్టి తవ్వాలి, లేదా పంపులతో తోడాలి. మన డ్రెయిన్ల మొగల దగ్గర ఇసుక మేట వేస్తే పైన వరి నాలుగు రోజులు నీళ్లలో ఉండిపోవడం లాంటిదే. వెనక గట్టుది ఇంకో ప్రమాదం. 2005 జనవరి వానలకి కన్సర్వెన్సీ నిండి పొంగితే తూర్పు తీరమంతా వారాల తరబడి మునిగింది. నష్టం దేశ వార్షికోత్పత్తిలో 60 శాతం దరిదాపుల్లో లెక్కగట్టారు. గట్టు కాపాడటానికి నీరు మహైకా నదిలోకి వదిలితే ఆ నది ఒడ్డు రైతులు మునుగుతారు. అందుకే తర్వాత నేరుగా సముద్రంలోకి హోప్ కాలువ తవ్వారు.

ఇప్పుడు పొలం మునిగిన రైతు ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఊరి లోపలి బోదె కౌన్సిల్‌ది. పెద్ద మురుగు కాలువలు 2004 చట్టం కింద ఏర్పడ్డ నేషనల్ డ్రైనేజ్ అండ్ ఇరిగేషన్ అథారిటీవి. ఐదో రీజియన్‌లో ఎంఎంఏ అనే వేరే సంస్థ ఉంది. సముద్రపు గోడ ప్రజాపనుల శాఖది. పనుల డబ్బు కొంత రీజియన్ అధికారి చేతిలో. తలుపు కాపలా మనిషి జీతం చోటును బట్టి మారుతుంది. ఇన్ని చేతులుండటం మన డెల్టాలోనూ ఉంది. ఇరిగేషన్, డ్రైనేజీ, 1997 చట్టం కింద నీటి సంఘాలు, పంచాయతీ అన్నీ ఒకే గట్టు మీద నిలబడి ఒకరినొకరు చూపించుకుంటారు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో ఈ ముంపు కూడా ఒకటి. అయినా మన రైతు చివరికి ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చోగలడు, ఆ ఎమ్మెల్యే పేరు, ఇల్లు, గెలిచిన నియోజకవర్గం తెలుసు కాబట్టి. మహైకా రైతుకి ఆ రకమైన ఇల్లు లేదు. మహైకా ఉన్న ఐదో రీజియన్ సీట్లు రెండు, వాటిలో కూర్చున్నవాళ్లను ఏరింది జాబితా ప్రతినిధి. గయానా నుంచి మనం నేర్చుకోవాలని మీ వ్యాసం ముగింపులో అన్నారు. కన్సర్వెన్సీ గట్టు, పాటు వేళకి తలుపు ఎత్తే క్రమశిక్షణ నేర్చుకుందాం, తప్పులేదు. జాబితా పద్ధతిని మాత్రం వార్డు సీట్లు పక్కన పెట్టుకోకుండా తెచ్చుకోవద్దు.

సవరణ వేసేటప్పుడు ఇంకో చిన్న అక్షరదోషం కూడా సరిచెయ్యండి. ఆ సముద్రపు తలుపులను డచ్చివాళ్ల కాలం నుంచి కోకర్ అంటారు. మీ వ్యాసంలో నాలుగు చోట్లా కుక్కర్ అని పడింది. జార్జిటౌన్ చుట్టూ అన్ని కుక్కర్లు ఎందుకున్నాయని ఇక్కడ పిల్లలు అడుగుతున్నారు.

ఇట్లు,
రాజనీతిశాస్త్రం బోధించి విరమించిన ఇద్దరు అధ్యాపకులు,
అమలాపురం